ఏడో కొట్టు

“టేపు నా చేతికిస్తావేంటమ్మా? నా తల నేనే కొలుచుకుంటే ఇక నువ్వెందుకు?”

పెద్దాయన టేపుని బల్ల మీద పడేశాడు. డెబ్బై దాటిన మనిషి. చంకలో ఒక పాత టోపీ ఉంది.

అక్క ఇబ్బందిగా నవ్వింది. నాన్న పోయిన దగ్గర్నుంచి, నాలుగు నెలలుగా, ఈ మగవాళ్ల టోపీల కొట్టు ఆమే చూసుకుంటోంది. ఆడమనిషి తల పట్టుకుంటే వచ్చినవాళ్లు మొహమాటపడతారని టేపు వాళ్ల చేతికే ఇవ్వడం అలవాటు చేసుకుంది. ఒకరు వదులుగా పట్టుకుంటారు, ఒకరు బిగించి పట్టుకుంటారు. ఆ కొలతకి ఇచ్చిన టోపీలు వెనక్కి వస్తున్నాయి. మనుషులే మళ్లీ రావడం లేదు.

“మీరేమన్నా అనుకుంటారేమోనని…”

“అనుకోడానికి నేనేమన్నా కొత్త పెళ్లికొడుకునా? కొలువు. ఇప్పటికి ఆరు కొట్లు తిరిగాను. అందరూ నాకు టోపీ పెడదామని చూసేవాళ్లే గానీ నా తల చూసినవాడు ఒక్కడు లేడు.”

వెనకాల గోడ కొలతలు రాసుకుంటున్న ఆమె తమ్ముడు కిసుక్కున నవ్వాడు. ఈ చోట సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాలని అతని ఆశ. ఆదివారం దాకా అక్కకి గడువిచ్చాడు. ఆలోగా జనం రావడం మొదలైతే సరే. లేదంటే ఆ పొద్దున్నే వడ్రంగి వచ్చి టోపీల అరలు పీకేస్తాడు.

అక్క టేపు అందుకుంది. చెవుల పైనుంచి నుదుటి మీదికి తెచ్చి, సందులో ఒక వేలు దూర్చి చూసింది. తర్వాత టేపు పక్కన పెట్టి రెండు అరచేతులతో ఆయన తలని నెమ్మదిగా తడిమింది. నాన్న అలాగే చేసేవాడు.

“ఎడమపక్క కాస్త ఎత్తుంది పెద్దయ్యా. వెనక్కి కోలగా కూడా ఉంది.”

“మా అమ్మ నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి ఉండదు. ఆ బూడిదరంగుది ఇటియ్యి.”

పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. ముఖానికి బాగా నప్పింది.

“బావుంది. కట్టేసెయ్.”

“వద్దండి.”

“వద్దా?”

“ఇప్పుడు బాగానే ఉంటుంది. గంట గడిస్తే ఎడమపక్క నొక్కుతుంది. సాయంత్రానికి తలనొప్పి. అప్పుడు నన్ను తిట్టుకుంటారు.”

“తిట్టుకోనులే. నేనే అడుగుతుంటే నీకేం?”

“ఆవిరి పట్టి, కొయ్య అచ్చుకి ఎక్కించి సాగదియ్యాలి. నాలుగు రోజులవుతుంది. అప్పటిదాకా ఇవ్వను.”

“అక్కా!” అన్నాడు తమ్ముడు పళ్లు కొరుకుతూ.

పెద్దాయన అతని వంక చూడలేదు. చంకలోని పాత టోపీ తీసి ఆమె ముందు పెట్టాడు. “పోనీ, దీని సంగతి చెప్పు. లోపలి పట్టీ ఊడొస్తోంది.”

అక్క దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిరగేసింది. అంచు వేలితో నిమిరింది.

“పనితనం భలేగా ఉంది. పట్టీ మాత్రం ఈమధ్య మళ్లీ కుట్టించినట్టున్నారు. కుట్లు వంకరపోయాయి. ఎవరో గానీ పాపం, చెయ్యి వణుకుతోంది. ఇక ఆయనకి ఇవ్వకండి.”

పెద్దాయన చెయ్యి చాచి ఆ వంకర కుట్లని బొటనవేలితో తడిమాడు. తర్వాత కిటికీలోంచి వీధివైపు తిరిగాడు.

“తప్పుగా మాట్లాడానా పెద్దయ్యా?”

“లేదమ్మా. ఉన్నమాటే అన్నావు.”

టోపీ తీసుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో తమ్ముడు అందుకున్నాడు. “వారం మొత్తానికి వచ్చింది ఒక్క మనిషి. ఆయన కొంటానంటాడు, నువ్వు అమ్మనంటావు. చాలదన్నట్టు ఆయన తెచ్చినదానికి వంకలు పెడతావు. అంతా నాన్న పోలికే.”

“నాన్న పోలికైతే మంచిదేగా?”

“నాన్న కోసం మనుషులు వచ్చేవాళ్లక్కా.”



అయినా అక్క ఆ బూడిదరంగు టోపీకి ఆవిరి పట్టింది. అచ్చుకి ఎడమపక్క తోలుముక్క కట్టి ఎక్కించింది. నాలుగు రోజులూ గడిచాయి. పెద్దాయన రాలేదు.

“ఇక అది ఎవరికి పడుతుంది? దోసకాయకి తొడుగు” అన్నాడు తమ్ముడు.

అక్క నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఆదివారం పొద్దున్నే వడ్రంగి వచ్చాడు. పై అర మేకులు ఊడదీసి కిందికి దించాడు. రెండో అర మీద చెయ్యి వేస్తుండగా బయట మాటలు వినిపించాయి.

మెట్ల మీద పెద్దాయన. ఆయన వెనకాల పది పదిహేనుమంది మగవాళ్లు. యూనిఫాం వేసుకున్న బస్సు డ్రైవరు, లావుపాటి మేస్త్రీ, అద్దంలా మెరిసే బట్టతలాయన. నవ్వు ముఖం ఒక్కటీ లేదు.

“చూశావా, నీ నోటిదురుసు. గొడవకి మనుషుల్ని వెంటేసుకొచ్చాడు” అని గొణిగాడు తమ్ముడు.

అక్క గుమ్మంలోకి వచ్చింది. “పెద్దయ్యా, ఆ రోజు ఏదో నోరు జారాను. మనసులో పెట్టుకోకండి.”

“పెట్టుకున్నానమ్మా. ‘ఇక ఆయనకి ఇవ్వకండి’ అన్నావు చూడు, ఇన్ని రోజులూ ఆ మాటే నమిలాను.” ఆయన వెనక్కి తిరిగాడు. “ఏంట్రా, దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు? ఒక్కొక్కరే లోపలికి రండి. సిగ్గుపడకుండా తల వంచండి.”

ముందుగా మేస్త్రీ వచ్చాడు. బిక్కుబిక్కుమంటూ అక్క ముందు తల వంచాడు. ఆ వెనకే బస్సు డ్రైవరు. వడ్రంగి చేతిలో సుత్తి అలాగే ఆగిపోయింది.

“వీళ్లంతా ఎవరు పెద్దయ్యా?” అక్క అడిగింది.

“నలభై ఏళ్లుగా వీళ్ల టోపీలు కుట్టింది నేనేనమ్మా.”