నీలం గీత

"నేరుగా వెళ్ళమంటోంది" అన్నాడు నగరేశ్వరరావు.

"ఎక్కడికండీ, పాతాళానికా?" అంది హైమ.

కారు ముందు చక్రాలు అప్పటికే సగానికి పైగా బురదలో దిగిపోయాయి. ఫోనులోని ఆడగొంతు మాత్రం ఏ దిగులూ లేకుండా "కంటిన్యూ స్ట్రెయిట్" అని మళ్ళీ చెప్పింది. తెర మీద నీలం గీత పొలాల మధ్యనుంచి చక్కగా సాగి సాలూరు రోడ్డులో కలుస్తోంది. అద్దంలోంచి చూస్తే రోడ్డూ లేదు, గీతా లేదు. తుఫాను నీళ్ళు నిలిచిన బండిబాట, దానికి అటూ ఇటూ నార కోసం గోగు కట్టలు నానేసిన గుంటలు.

సాలూరులో ఆ ఉదయం హైమ తమ్ముడు కళ్యాణ్ పెళ్ళి. రాజాం కంసాలి చివరి నిమిషం దాకా తిప్పించుకుని ఇచ్చిన పుస్తెలు హైమ సంచిలోనే ఉన్నాయి. రామభద్రపురం దగ్గర లారీలు నిలిచిపోయాయని తెలిసి నగరేశ్వరరావు కారుని ఈ అడ్డదారిలోకి తిప్పాడు. దారి ఎవరినైనా అడుగుదామని హైమ అంటే, "ఫోనుండగా అడుక్కోవడం దేనికి?" అన్నాడు.

ఇప్పుడు తలుపు తీసి కాలు కింద పెట్టాడు. మోకాలి దాకా దిగిపోయింది. బురద ఒక్కటే కాదు, పేడ ఉంది, పేడ కానిదీ ఉంది. కుళ్ళిన గోగునార కంపు ముక్కులోంచి కడుపులోకి దిగింది. పట్టుపంచె ఎగ్గట్టుకునేలోపే తలుపు పట్టుకుని భళ్ళున కక్కేశాడు.

"ఛీ! మనుషులు తిరిగే చోటేనా ఇది?"

ఇంతలో పొలం గట్టు మీద మోటారు సైకిలు ఆపి ఒక నడివయసు రైతు భుజాన మోకు తాడు వేసుకుని దిగాడు. అతని వెనక ఒక అమ్మాయి ఎడ్ల జతని తోలుకొస్తోంది.

"ఏటి బావూ, సాలూరేనా? ఇంజినాపీండి. తిప్పితే ఇంకా దిగిపోతాది."

"ఇటు దారి లేదని తెలుసుగా! ఒక బోర్డన్నా పెట్టలేదేం? పడ్డవాళ్ళని చూసి నవ్వుకుందామనా?"

అమ్మాయి తల దించుకుంది.

హైమ కారులోంచే ఏడుపు గొంతుతో అంది. "అన్నా, మా తమ్ముడి ముహూర్తం దాటిపోతోంది. పుస్తెలు నా దగ్గరే ఉండిపోయాయి."

రైతు మోకుని అమ్మాయి చేతిలో పెట్టాడు. "గౌరీ, ఎడ్లని నువ్వు సూసుకో. ఊళ్ళోంచి ఇంకో ఇద్దరొస్తారు. అమ్మా, నా పేరు జోగయ్య, ఇది నా కూతురు. నా బండెక్కు. గట్టు మీంచి పోతే తారు రోడ్డు తగుల్తాది. పెళ్ళి పందిట్లో దింపుతాను."

హైమ భర్త వైపు చూడనైనా లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, పట్టుచీర మోకాళ్ళ పైకి దోపుకుని, సంచిని గుండెకి అదుముకుని బురదలోకి దిగింది. మోటారు సైకిలు గట్టు మలుపులో కనపడకుండా పోయింది.

గౌరి కారు వెనక మోకు కట్టింది. ఊళ్ళోంచి వచ్చిన ఇద్దరు మగవాళ్ళతో పాటు నగరేశ్వరరావు కూడా ముందునుంచి తోయాల్సి వచ్చింది. ఎడ్లు గుంజినప్పుడల్లా చక్రాలు చిమ్మిన రొచ్చు ముఖాన పడింది. ఒకసారి నోట్లోనూ పడింది. ఎంత ఉమ్మినా ఆ రుచి పోలేదు. చివరికి కారు వెనక్కి జరిగి గట్టి నేలెక్కింది.

ఆ మగవాళ్ళు వెళ్ళిపోతుండగా హైమ ఫోన్ చేసింది. వెనక సన్నాయి గట్టిగా వినిపిస్తోంది. "అందుకున్నామండీ! తాళి కట్టేశాడు. ఆ అన్న భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు."

నగరేశ్వరరావు ఊపిరి పీల్చుకుని, జేబులోంచి ఒక నోటు తీసి గౌరికి ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"వద్దు సార్. నాన్న తిడతాడు. తప్పు మాదే గదా."

"మీ తప్పేం ఉంది? తప్పంతా ఈ దరిద్రపు ఫోనుది!" బురద వేళ్ళని పంచెకి తుడుచుకుని, తెర మీద నీలం గీత పట్టుకుని, 'ఇక్కడ దారి లేదు' అని ఫిర్యాదు నొక్కాడు. నొక్కాక కాస్త కసి తీరింది. "ఇక తీసేస్తారు. ఎవడు గీశాడో గాని, వాడి చెయ్యి పడిపోను!"

గౌరి మోకు విప్పుతూ అతని వైపు చూసింది.

"తీసేస్తే మల్లీ గీస్తాను సార్."

"ఏమిటీ?"

"ఫోనులో దారులు ఎవరైనా గీయొచ్చు సార్. రాజాంలో డిగ్రీ సదువుతన్నాను. కాలేజీలో ఒకమ్మాయి సూపించినాది. ఇది నేను గీసిందే."

నగరేశ్వరరావుకి బురద మీద, కంపు మీద, ఫోను మీద ఉన్న ఏవగింపంతా ఒక్కసారిగా ఆ పిల్ల మీదికి తిరిగింది.

"ఛీ ఛీ! నువ్వూ చదువుకున్నదానివేనా? లేని దారి చూపించి జనాన్ని ఈ రొచ్చులో దింపుతావా? పడ్డవాళ్ళని మీ నాన్న లాగుతాడు, నువ్వు దించుతావు. సిగ్గనిపించడం లేదూ?"

"అనిపిస్తాది సార్. కారు పడినప్పుడల్లా అనిపిస్తాది."

"మరి ఎందుకు గీశావ్?"

గౌరి మోకుని చుట్టచుట్టి భుజాన వేసుకుంది.

"ఫోనులో మా ఊరికి దారే లేదని అంబులెన్సు తారు రోడ్డు దిగలేదు సార్. నొప్పులు పడతన్న మా అక్కని మంచం మీద మోసుకెళ్తంటే దారిలోనే పోనాది. ఇప్పుడు అంబులెన్సు ఈ బురద కాడికైనా వస్తన్నాది."