మందుకు ఇంగ్లీషు

“నా మందు డబ్బా నాకివ్వండి మాష్టారూ!”

గుమ్మంలో బుల్లయ్య అరుపుకి ఆరో తరగతి గప్‌చుప్ అయింది. ఆట పాకాన పడిందనుకుంటున్న త్యాగరాజు మాష్టారికి ఒళ్లు మండింది. పిల్లలు ఇంట్లో చేతికందిన వస్తువొకటి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాలి. మాష్టారు దాన్ని పైకెత్తగానే ఇంగ్లీషు పేరు ముందు చెప్పినవాళ్లదే గెలుపు. చెంచా, తాళంకప్ప, ఎద్దు మెడగంట అయిపోయాయి. ఇప్పుడాయన చేతిలో ఉన్నది బుల్లయ్య కూతురు హనుమాయమ్మ తెచ్చిన పురుగుమందు డబ్బా, సీలైనా తియ్యనిది.

మగపిల్లలంతా “మెడిసిన్” అని గొంతులు చించుకున్నారు. హనుమాయమ్మ ఒక్కతే “కాదు, పాయిజన్” అంది. మందన్నదల్లా మెడిసిన్ కాదురా, గెలుపు హనుమాయిదే అని మాష్టారు చెప్పబోతుండగా తండ్రి ఊడిపడ్డాడు.

“బడి వదిలాక పిల్లే తెస్తుందిలేవయ్యా. అంత తొందరేమిటి?”

“తెల్లదోమ చేనంతా నాకేస్తోందండీ. ఇవాళ కొట్టకపోతే ఇహ కొట్టేదేముంది?”

బుల్లయ్య కండువా భుజం మీంచి తీస్తాడు, మళ్లీ వేస్తాడు. కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

మాష్టారికి కోపం దిగి జాలేసింది. ఈ ఏడు పర్చూరు చుట్టుపట్ల పత్తి వేసినవాడెవడికి కంటి మీద కునుకుంది గనక? తన ఆట కోసం ఒకడి పంట ఆగడమేమిటని సిగ్గు కూడా పడ్డాడు. డబ్బా అందించబోతే హనుమాయమ్మ ఉరికొచ్చి లాక్కుని, రెండు చేతులా గుండెకి అదుముకుంది.

“ఇవ్వవే!” బుల్లయ్య చెయ్యి చాచాడు.

పిల్ల కదల్లేదు.

“గివ్!” అన్నాడు మాష్టారు, కిందటి వారం ఆడించిన ఆటలోలాగా. ఆ మాట వింటే చేతిలో జామకాయున్నా ఇచ్చెయ్యాలి, అదీ నియమం. హనుమాయమ్మ తల అడ్డంగా ఊపింది.

“దాన్ని తిట్టకండి మాష్టారూ” అన్నాడు బుల్లయ్య గబుక్కున. “బాగా చదివించండి. మీ చేతుల్లో పెడుతున్నా.”

ఆడపిల్లకి ఇంగ్లీషెందుకని మొన్ననేగా బడి ముందు రంకెలేశాడు! ఇప్పుడీ బుద్ధి పుట్టడం తన ఆట మహిమేననుకుని మాష్టారు లోలోపల పొంగిపోయాడు. ఆ ఉత్సాహంలోనే హనుమాయమ్మ వేళ్లు విడదీయబోయాడు.

“తప్పు కదమ్మా! గెలిచింది నువ్వే. డబ్బా ఇచ్చెయ్యి. నాన్న పత్తికి మందు కొట్టుకోవద్దూ?”

హనుమాయమ్మ ఏడుపు దిగమింగుతూ మాష్టారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మా చేలో పత్తి లేదండీ మాష్టారూ. నిన్ననే అంతా పీకేశాం.”