తాత్కాలిక పల్లవి

సోమవారానికల్లా పల్లవి రాసిస్తానని మాటిచ్చి, శుక్రవారం తీసుకెళ్లాను. నలభై ఏళ్ల కిందటి ఆ తప్పు నాదే. తక్కినదంతా ఆ హార్మోనియంగాడి నిర్వాకం.

మా సంగీత నాటకానికి బాణీలు వాడివి, మాటలు నావి. నేను రాసేలోగా బాణీ మరిచిపోకుండా వాడేవో చవకబారు మాటలు పెట్టుకున్నాడు: "ఆయన ఇంట్లో లేరు, వచ్చేస్తారు, కూర్చోండి." నాయిక వాటినే కంఠతా పట్టేసింది.

"ఇది పల్లవా, గుమ్మం దగ్గర కబురా?" అన్నాను.

"నీది బాగుంది గురూ. కాకపోతే ప్రేక్షకులకి తలో నిఘంటువు పంచాలి," అన్నాడు.

ప్రదర్శన రోజు ఆ మూడు ముక్కలకే హాలంతా కళ్లు తుడుచుకుంది. గొర్రెల మంద!

తెర వెనక వాణ్ని నిలదీశాను. "ఈ నాసిరకం మాటలు ఎక్కడ ఏరుకొచ్చావురా?"

"మీ ఇంట్లోనే. పల్లవి కోసం నాలుగు రోజులు తిరిగాను. నువ్వేమో క్లబ్బులో పేకాట. రోజూ తలుపు తీసి వదిన అన్న మాటలే అవి. ఆ గొంతు మరిచిపోలేక బాణీలో పెట్టేశాను."

వాణ్ని తిట్టడం నాకు అలవాటైపోయింది. అసలు తప్పు మాత్రం, అంత మంచి పల్లవి వాడికిచ్చి, నాకు ఒక్కనాడూ వినిపించని మనిషిది. నా భార్యది.