ఆల్బీనా టీచర్ ఫిర్యాదు

"ఇంకొక్కసారి ఆవిడ నా ఆఫీసు గడప తొక్కిందంటే, ఇక ఈ ఊళ్లో కార్బైడు పేలదు. అనుమతి రద్దు" అని మేయరమ్మ తేల్చి చెప్పేసింది.

గాష్పెర్ గుండెల్లో రాయి పడింది. తాత పేల్చాడు, తండ్రి పేల్చాడు. ఈస్టర్ తెల్లవారుజామున పాల క్యాన్లలో కార్బైడు మోగకపోతే, ఈ ఆల్ప్స్ కొండల మధ్య మా లోయలో దాన్ని పండగనే అనరు. కార్బైడు పేల్చే కుర్రాళ్ల జట్టు పెద్దరికం తండ్రి నుంచి తన చేతికొచ్చిన మొదటి ఏడాదే ఆ మోత ఆగిపోతే ఇంకేమైనా ఉందా? ఊళ్లో తలెత్తుకు తిరగడం కల్ల.

ఆ 'ఆవిడ' ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆల్బీనా టీచర్. జట్టులో ప్రతివాడికీ బడిలో రసాయనశాస్త్రం చెప్పింది ఆవిడే. రిటైరయ్యాక కూడా పాఠం ఆపలేదు. బడి బదులు మునిసిపాలిటీ ఆఫీసులో చెబుతోంది, అంతే తేడా.

ఏటా పండగ ముందు టోపీ పెట్టుకుని దిగబడుతుంది. దారిలో ఎవరు పలకరించినా పలకదు, అంత పొగరు. మేయరమ్మ ముందు నిలబడి గడగడా అప్పజెబుతుంది. కార్బైడు చూడ్డానికి మామూలు బూడిదరంగు రాయి. నీటిచుక్క తగిలితే చాలు, బుసకొట్టి, కాగిపోయి, గ్యాసు వదులుతుంది. వెల్లుల్లి కుళ్లిన కంపు. ఆ గ్యాసుకి క్యానులో గాలి తోడై, నిప్పు తగిలిందా, మూత గాల్లోకి, మూతకెదురుగా ఉన్నవాడు స్వర్గానికి. తేమ నేలమాళిగలో దాచిపెట్టి అగ్గిపుల్ల గీసి వెతికితే, ఆ తర్వాత ఇంటి కప్పు వెతుక్కోవాలి. అంటుకున్న కార్బైడు మీద నీళ్లు పోయడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. కాబట్టి ఆ వెధవల్ని అదుపులో పెట్టండి. అంతే. ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపు వెళ్లిపోతుంది.

కుర్రాళ్లు ఊరుకుంటారా? చెప్పిన జాగ్రత్తలు మాత్రం బుద్ధిగా పాటించేవాళ్లు. టీచర్ మాట అబద్ధం కాదని ఒకసారి జట్టులోని లోయ్‌జే కనుబొమలు కాలి మరీ రుజువు చేశాయి. కానీ కసి కసే. మొదటి ఫిర్యాదుకి క్యాన్లు నది ఒడ్డు నుంచి ఆవిడ ఆపిల్ తోట కిందికొచ్చాయి. తర్వాతి దానికి కంచె పక్కకి. పోయినేడు ఏకంగా పడగ్గది కిటికీ కింద పెట్టి, మూతలు నదివైపు తిప్పి పేల్చారు. అద్దాలు గలగలలాడాయి. పరదా వెనక ఆవిడ నీడ కనపడితే లోయ్‌జే మురిసిపోయాడు, ముసలిదానికి నిద్ర చెడిందని.

ఈసారి ఆ వేషాలు కుదరవు. గాష్పెర్ కాళ్లబేరానికి దిగాడు. పొగబెట్టిన పంది తొడ, వాల్‌నట్ రొట్టె పట్టుకుని ఆవిడింటికి వెళ్లాడు. తలుపు ఎంత బాదినా తియ్యలేదు. చివరికి కిటికీ ముందు నిలబడి చేతులూపితే తీసింది.

కూర్చోబెట్టి వైన్ పోసింది. కార్బైడు ఎక్కడ పెట్టారని అడిగింది. గాష్పెర్ బళ్లో వణికినట్టే వణికాడు. తల దించుకుని, టోపీ అంచు నలుపుకుంటూ, ఆ టోపీకే చెబుతున్నట్టు చెప్పుకొచ్చాడు. డబ్బా మూత బిగించి పొడిగా అటకమీద పెట్టామన్నాడు. పాత తప్పులు కాయమన్నాడు.

"ఈసారి మీకే ఇబ్బందీ ఉండదు టీచర్. క్యాన్లన్నీ కొండ అవతలికి తీసుకుపోతాం. మీ ఇంటికి చీమ చిటుక్కుమన్నట్టు కూడా వినపడదు. ఒట్టు."

ఆవిడ అతని నడినెత్తి వంక చాలాసేపు చూసింది. తర్వాత తలూపింది.

"సరే. పేలకపోతే క్యానులోకి తొంగి చూడకండ్రా. అది మీ మొహం కోసమే కాచుక్కూర్చుంటుంది."

నవ్వింది కూడా. ఆల్బీనా టీచర్ నవ్వడం గాష్పెర్ బుద్ధెరిగాక చూడలేదు. వీధిలోకొచ్చి, బయట ఎదురుచూస్తున్న లోయ్‌జేని వాటేసుకున్నాడు.

ఈస్టర్ వచ్చింది. క్యాన్లు కొండ అవతల పేలాయి. ఊళ్లోకి మాత్రం దుప్పటి ముసుగులో ఎవరో దగ్గినట్టు వినపడింది. చర్చి ముందు ముసలాళ్లు పెదవి విరిచారు. దీనికంటే మీ అమ్మ తలుపేసే చప్పుడు నయంరా అని తండ్రే అందరిముందూ అనేశాడు. గాష్పెర్ సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా ఓర్చుకున్నాడు. పరువు పోతే పోయింది, అనుమతి మిగిలింది కదా.

సెలవులు అయ్యీ కాగానే మేయరమ్మ ఫోన్ చేసింది.

"ఉన్నపళంగా రా. మీ టీచరొచ్చి కూర్చుంది. మళ్లీ ఫిర్యాదట."

గాష్పెర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లేసరికి ఆవిడ బల్ల గుద్దుతోంది. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి. మేయరమ్మ సర్దిచెబుతుంటే చెవిన పెట్టడమే లేదు. ఇక అతనికి భయం పోయింది. గొంతు చించుకుని అరిచాడు. కొండెక్కి దిగామన్నాడు, ఊరంతా నవ్విపోయిందన్నాడు, ఇంకా మమ్మల్నేం చెయ్యమంటారన్నాడు.

ఆవిడ ఒక కాగితం, పెన్ను అతని ముందుకు తోసింది.

"నోరు నొప్పెట్టుకోకు. రాయి."

పెళ్లయి పిల్లలున్నవాడికి ఇంపోజిషనా అని ఉడుక్కున్నాడు. కానీ చెయ్యి దానంతటదే పెన్ను పట్టుకుంది. మీకు చప్పుడు వినపడకూడదనే కదా కొండ అవతలికి పోయాం, ఇంకేంటి మీ బాధ అని రాసి, ఆవిడ ముందు పడేశాడు.

ఆల్బీనా టీచర్ చదివింది. కళ్లజోడు తీసేసింది.

"నా చెవులు పోయి చాలా ఏళ్లయిందిరా సన్నాసీ, ఏడాది మొత్తానికి నాకు వినపడేది ఆ ఒక్క మోతే, దాన్ని కిటికీ కిందికి రప్పించుకోవడానికి కాకపోతే ఏటా ఇంత దూరం వచ్చి మీ మీద ఎందుకు చెబుతాననుకున్నావు?"