గోడ మీది గంజి వరస

కమలమ్మాళ్ ఒంటిగా ఉన్నప్పుడు గోడతో మాట్లాడుతోందని ఎదురింటి పంకజం కిటికీలోంచి చూసిందట. చూసి ఊరుకుందా? మూలకుళం సందు చివర కూరగాయల బండి దాకా మోసుకుపోయింది. ఆ బండి దగ్గరే కోడలు హేమమాలిని చెవిన పడింది.

"గోడతో కాదు మే, మీ ఆయన తగిలించినాడే కరువు ఫొటో, దాంతో," పంకజం గొంతు తగ్గించింది. "ఆకేసి అన్నం పెడతా ఉండాది మీ అత్త. చచ్చినోళ్ళకి పడయల్ వేస్తామే, అట్నే. మనోళ్ళు కానోళ్ళని పిలిచి పెడితే తినేసి ఊరికే పోతారా? ఎవరినో ఒకరిని ఎంటబెట్టుకునే పోతారు."

హేమమాలిని కొన్న వంకాయలు బండి మీదే మరిచిపోయి ఇంటికొచ్చింది.

ఆ ఫొటో ఇంటికొచ్చి వారమయింది. బీచ్ పక్కన ఎగ్జిబిషన్‌లో చూసి మనసుపడి కొన్నాడు ముకుందన్. "తెల్లగోడకి ఎంత బాగా కుదిరిందో చూడు," అని డైనింగ్ టేబుల్ ఎదురుగా తగిలించాడు. డెబ్బై రెండేళ్ళ నాటి కరువు. గంజి కోసం వరస కట్టిన జనం, ఒక్కొక్కరి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వరస చివర తొమ్మిదేళ్ళ పిల్ల, చేతిలో మట్టిమూకుడు. తలపాగా నీడలో మొహం సరిగా కనబడని మనిషొకడు ఆ పిల్ల రొమ్ముకి కర్ర ఆనించి వెనక్కి నెడుతున్నాడు. కర్ర కొసన తెల్లగా ఒక చుక్క. పాత ఫొటో గదా, మచ్చ పడిందన్నాడు ముకుందన్. ఆదివారం వచ్చిన చుట్టాలు దాని ముందే కూర్చుని బిరియానీ తింటూ "సూపర్" అన్నారు.

కమలమ్మాళ్ మాత్రం ఫొటో తగిలించిన రోజు నుంచి చేతికర్ర ముట్టలేదు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు మాట వినవు. పుట్టింటి నుంచి ఆమెకు మిగిలింది కొసన ఇత్తడి పొన్ను తొడిగిన ఆ కర్ర ఒక్కటే, వాళ్ళ నాయనది. పుట్టిన ఊరి ఊసు ఎత్తదు గానీ ఆ కర్ర లేకుండా గడప దాటేది కాదు. ఇప్పుడేమో గోడ పట్టుకుని అడుగులేస్తోంది. ఎక్కడ పడిపోతుందోనని హేమమాలిని కర్ర తెచ్చి చేతిలో పెడితే, పామును పట్టుకున్నట్టు ఉలిక్కిపడి విసిరేసింది. తీసి తలుపు వెనకాల నిలబెట్టింది కోడలు.

ఇంట్లో అడుగు పెట్టేసరికి పంకజం చెప్పినట్టే ఉంది. ఫొటో కింద స్టూలు మీద ఆకు ముక్క, దాంట్లో పెరుగన్నం. ఫొటోలో కర్ర మనిషి కనబడకుండా ఫ్రేము మూలన కప్పిన తువ్వాలు. అత్త చెయ్యి చాపి ఆకును ముందుకు జరుపుతోంది.

"తిను తల్లీ. ఇంకెవరూ కొట్టరులే. తిను."

హేమమాలిని దగ్గరికొచ్చింది. "ఎవరితో అత్తా?"

"ఆ పిల్ల నన్నే చూస్తా ఉండాది మే."

హేమమాలిని తలెత్తింది. నిజమే. ఇన్నాళ్ళూ గమనించలేదు. ఆ పిల్ల చూస్తున్నది కర్రను కాదు, గంజి తపేలాను కాదు. ఫొటో తీసినవాడి పక్కన ఇంకెవరో నిలబడి ఉన్నట్టు అటు చూస్తోంది. ఇప్పుడా చూపు సరిగ్గా అత్త మీద ఉంది.

గబగబా పోయి ఫ్రేము మీద చెయ్యి వేసింది. కమలమ్మాళ్ ఆ చెయ్యి పట్టుకుంది, మంచుగడ్డలా ఉన్నాయి వేళ్ళు.

"దించబాకు. అది తినకుండా యాడికీ పంపబాకు."

మధ్యాహ్నం ముకుందన్ భోజనానికి వచ్చీ రాగానే హేమమాలిని చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"ఏమండీ, ఆ ఫొటో తీసేయండి. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

"ఏంది, పంకజం అక్క ఊదిందా చెవిలో?"

"మీ అమ్మ నాలుగు దినాలుగా మెతుకు మింగలేదు. దానికి పెడతా ఉంది, తను తినడం లేదు. ఆమెకేమన్నా అయితే?"

నవ్వబోయి ఆగాడు ముకుందన్. ఫొటో కేసి చూశాడు, తల్లి కేసి చూశాడు. వేళ్ళు మడిచి ఏళ్ళు లెక్కపెట్టాడు.

"హేమా, ఆ కరువప్పుడు అమ్మకి తొమ్మిదేళ్ళు."

"అంటే?"

"ఆ పిల్ల అమ్మే! మెతుకు కింద పడితే ఏరుకునేది ఎందుకనుకున్నావు? పుట్టినూరి పేరెత్తనిది ఎందుకు? ఎంత ఆకలి పడిందో చూడు మా అమ్మ!" కళ్ళు తుడుచుకుని ఫోను తీశాడు. "అమ్మా, దాని పక్కన నిలబడు. మనం యాడి నుంచి వచ్చినామో నలుగురూ చూడాల."

"వద్దు ముకుందా."

"నిలబడమ్మా." తువ్వాలు లాగేశాడు.

కమలమ్మాళ్ కూలబడబోయింది. హేమమాలిని ఒడిసిపట్టుకుంది. చీర చాటున ఆ ముసలి గుండె చేతిలో చిక్కిన పిట్టలా కొట్టుకుంటోంది. అత్త ఈ గడియ దాటదేమో అనుకుంది.

"ఏమండీ, మీకు దండం పెడతా, ఆ ఫోను లోపల పెట్టండి!"

ముకుందన్ ఫోను జేబులో వేసి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"భయపడబాకమ్మా. నిన్ను నెట్టిన పాపిష్టోడు వాడే గదా? ఆ దినం నేనుండుంటే ఆ కర్ర లాక్కుని రెండు ముక్కలు చేసుండేవాణ్ణి."

కమలమ్మాళ్ వారం తర్వాత మొదటిసారి తలెత్తి ఆ కర్ర మనిషి వైపు సూటిగా చూసింది.

"ఆ కర్ర తలుపెనకాలే ఉండాది, పోయి విరగ్గొట్టు."