నిలకడలేని పడవ

“థ్రోటిల్ ఎందుకు వదిలేశావ్?”

“జెట్టీకి గుద్దుకుంటుందని భయమేసింది!”

“భయమేస్తే వదిలేస్తారా? అది వదిలేస్తే స్టీరింగ్ ఉత్త చక్రమే. ఎటు తిప్పినా పడవకి పట్టదు.”

పడవ నిజంగానే పట్టించుకోలేదు. ఎడమ పక్క జెట్టీకి రాసుకుంటూ పోయింది. స్తంభానికి కట్టిన పాత టైరు కీచుమంది. ఆమె నాలుక కరుచుకుంది. పక్క సీట్లో ఉన్న భర్త మాత్రం కదల్లేదు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ఒక చెయ్యి పడవ అంచు మీద వేసి, పెళ్ళికొడుకులా దర్జాగా కూర్చున్నాడు.

హోటల్ వాళ్ళు అతన్ని కెప్టెన్ అంటారు. అవతలి ఒడ్డున ఉన్న ఆ హోటల్‌కి వచ్చే అతిథుల్ని దాటించేది ఈ చిన్న జెట్ పడవే. దీనికి అడుగున పంకా ఉండదు, వెనక చుక్కానీ ఉండదు. నీళ్ళు లోపలికి పీల్చి వెనక గొట్టంలోంచి చిమ్ముతుంది. ఆ ధారని తిప్పితేనే పడవ తిరుగుతుంది, ధార లేకపోతే తిరగడమూ లేదు. లోతు తక్కువ చోట్ల కూడా జారిపోతుందని హోటల్ వాళ్ళకి ఇదంటే ఇష్టం. కానీ నెమ్మదిగా నడపాల్సి వచ్చినప్పుడు మాత్రం దీనంత పెంకిది మరొకటి ఉండదు.

“వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ రా,” అన్నాడు. “రేపు పరీక్ష పెట్టేవాళ్ళు స్పీడు చూడరు. జెట్టీకి ఎలా చేరుస్తావో చూస్తారు.”

ఆమె లివర్ లాగింది. గొట్టానికి అడ్డంగా ఇనుప మూత దిగింది. వాళ్ళ మాటల్లో దాని పేరు బకెట్. ధార ముందుకి మళ్ళి, పడవ వెనక్కి నడిచింది.

“బకెట్ దించు, బకెట్ ఎత్తు. ఇల్లు కడిగినట్టుంది నా బతుకు,” అని గొణిగింది.

ఇదివరకైతే అతను పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. ఆమెకి ఒళ్ళు మండింది.

కొంతకాలంగా మనిషి మారిపోయాడు. మాట్లాడేటప్పుడు మొహంలోకి చూడడు. ఆమె చెవి పక్కన ఎవరో నిలబడ్డట్టు అటు చూస్తాడు. వారం వారం తన అక్కను వెంటబెట్టుకుని టౌన్‌కి పోతాడు. ఎందుకని అడిగితే పనుంది అంటాడు. వదినని నిలదీస్తే, “వాడే చెప్తాడులే” అని మొహం తిప్పేసుకుంది. తప్పు చేసినవాడు కాకపోతే కళ్ళెందుకు తప్పిస్తాడు? ఇప్పుడేమో ఉన్నట్టుండి పెళ్ళానికి పడవ నేర్పిస్తానని, లైసెన్సు ఇప్పిస్తానని, హోటల్ పని ఆమె పేరు మీదికి మార్పిస్తానని కూర్చున్నాడు. వదిలేసి పోదామనుకున్న మొగుడే కదా ముందుగా ఆమె బతుకుతెరువు చూసేది! ఇందాక జెట్టీ మెట్లు దిగుతూ భుజం మీద చెయ్యి వేస్తే, పోయే ముందు ప్రేమ పొంగుకొచ్చిందనుకుంది. ఆ అనుమానం వచ్చినప్పటి నుంచి ఆమెకి కాలు నిలవడం లేదు, తిండి సయించడం లేదు.

“పడవ ముక్కు ఎటుంది?” అని అడిగాడు.

“ఎదురుగానే ఉందిగా, చూడండి.”

“నువ్వు చెప్పు. రేపు అడుగుతారు.”

“మెట్లకి కుడివైపు. కాదు, ఎడమకి పోతోంది. ఛీ, మళ్ళీ కుడికి!”

“దాని వెంట పడకు. నెమ్మది మీద ఉన్నప్పుడు అది ముక్కు అటూ ఇటూ ఆడిస్తూనే ఉంటుంది. నువ్వు గిరగిరా తిప్పేకొద్దీ ఇంకా ఆడిస్తుంది. కొంచెం తిప్పి ఆగు. అది విన్నాక ఇంకొంచెం.”

“న్యూట్రల్‌లో పెట్టాను. అయినా పాక్కుంటూ పోతోంది!”

“న్యూట్రల్ అంటే ఆగడం కాదు. సగం ధార ముందుకి, సగం వెనక్కి. ఇంజిను తిరిగినంతసేపూ రెండూ తోస్తూనే ఉంటాయి. ఏది కాస్త ఎక్కువైతే అటు పోతుంది.”

“అచ్చం మీలాగే.”

“నేనేం చేశాను?”

“ఇంట్లో ఉన్నట్టే ఉండి ఎటో పోతున్నారు.”

అతను తల పక్కకి వంచాడు. “గాలి మారింది. ఎడమ నుంచి తోస్తోంది, చూసుకో.”

ఆమెకి తిక్క రేగింది. “నేనడిగేదేంటి, మీరు చెప్పేదేంటి? రేపట్నించి పడవ నేను నడిపితే మీరేం చేస్తారు?”

“పక్కన కూర్చుంటా.”

“ఎవరి పక్కన?”

అతను టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. “రాసుకోకుండా, కుదుపు లేకుండా జెట్టీకి చేర్చు. అప్పుడు అంతా చెప్తా.”

“మాట తప్పకూడదు.”

“తప్పను.”

ఆమెకి చేర్చాలనీ ఉంది, చేర్చకూడదనీ ఉంది. చేరిస్తే అతను చెప్పేస్తాడు. చెప్పాక ఇంటికి ఒక్కతే వెళ్ళాలేమో. మెట్లు దగ్గరవుతున్నకొద్దీ థ్రోటిల్ వదిలేద్దామని చెయ్యి లాగింది. వదల్లేదు. పైగా ఇంకాస్త ఇచ్చింది. చక్రం కొంచెం తిప్పి ఆగింది. ముక్కు కుడికి ఊగింది. దాని వెంట పడకుండా కూర్చుంది. ముక్కు దానంతట అదే మెట్లవైపు తిరిగింది. బకెట్ సగం దించింది. పడవ పక్కవాటుగా ఒదిగి, టైర్లకి ఆనీ ఆననట్టు నిలిచింది. ఇంజిను ఆపకుండా, లివర్‌ని కాస్త ముందుకీ కాస్త వెనక్కీ నెడుతూ అక్కడే నిలబెట్టింది.

మిట్టమధ్యాహ్నపు ఎండలో జెట్టీ మెట్టు అతని మోచేతికి జానెడు దూరంలో ఉంది. ఆమె అతనివైపు తిరిగింది. ఏం వినాల్సి వస్తుందోనని లివర్ మీది చెయ్యి తియ్యలేదు. అతను టోపీ పైకి నెట్టి, మెట్లవైపే మొహం పెట్టి, కాసేపు అలాగే చూశాడు.

“జెట్టీ వచ్చిందా?”