పక్కవాకిలి

“ఆ పక్కవాకిలి కాడ ఎవరూ లేరు. ఇదే అదను, పో మే” అన్నాడు బాబ్జాన్, కువైట్ నుంచి ఫోన్‌లో గొంతు తగ్గించి.

“నేను పోతే నీ గతేంది?” అంది ముబీనా, లండన్ నుంచి.

ఆమె చూపిస్తున్న వీడియోలో పాత చర్చి కనబడుతోంది. తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు కమానులు, రంగుల అద్దాలు, కింద వరసగా రాజుల గోరీలు. వాటి ముందు మామా, అంటే ముబీనాను పనికోసం కువైట్ నుంచి వెంటబెట్టుకొచ్చిన యజమానురాలు, తన పిల్లలతో ఫోటోలు దిగుతోంది. ముబీనా చేతిని ఇస్త్రీపెట్టెతో కాల్చింది ఆ మామానే. బయట ముబీనా అక్క నఫీసా కారులో కాచుకుని ఉంది. వాకిలి దాటితే ఆ ఇంటి పీడ విరగడైనట్టే.

“నా సంగతి నేను చూసుకుంటా.”

“ఏం చూసుకుంటావ్? ఇద్దరికీ వీసా ఇచ్చిన కఫీల్ ఒకడే. పెండ్లాం పారిపోతే మొగున్ని ఊరికే ఇడుస్తాడా? ఏంది ఆడ గోల? యాడుండావ్?”

“జమియాలో. సరుకులకు వచ్చినా.”

అబద్ధం తడుముకోకుండా వచ్చింది. తన కెమెరా ముందే ఆపేసుకున్నాడు. కూర్చోలేక లేచాడు, నిలబడలేక మళ్ళీ కూర్చున్నాడు.

ముబీనా ఒక గోరీ ముందు ఆగి, చున్నీ తలమీదికి లాక్కుని ఫాతిహా చదవడం మొదలుపెట్టింది.

“అది దర్గా కాదే. మొక్కులకు ఇదా టైము?”

“గోరీ యాడైనా గోరీనే. సూడు, రాజూ రాణీ. చచ్చినాక గూడా పక్కపక్కనే పండుకోనుండారు.”

బాబ్జాన్‌కు ఒళ్ళు మండింది. “వాళ్ళు చచ్చినోళ్ళు. మనం బతకాల. నడువు.”

“ముబీనా, యల్లా” అని రమ్మంటూ మామా కేక. ఫోన్ ఊగింది. రాతి నేల, తలుపు గడియ, ఒక్కసారిగా ఎండ. కాల్ కట్టయింది.

బాబ్జాన్ కళ్ళు తుడుచుకున్నాడు. పోయింది. బతికిపోయింది.

గంట తర్వాత ఆమె గొంతు మెసేజీగా వచ్చింది.

“వాకిలి దాటినా. అక్క కారు గూడా సూసినా. అడుగు పడలేదు. నిన్ను వాళ్ళ చేతిలో ఇడిసి యెట్లా పోతా? మళ్ళా లోపలికి వచ్చేసినా. రేపు కువైట్‌కు వస్తాండాం. నువ్వు ఆడుంటే ఏదైనా పడతా.”

తన కోసమే ఆమె ఆగుతుందని అతనికి తెలుసు. అందుకే ఆ పొద్దున కఫీల్ సొరుగులోంచి తన పాస్‌పోర్టు దొంగతనంగా తీసుకున్నాడు. ఎక్కడైనా నోరు జారితే ఆపేస్తారని ఆమెక్కూడా చెప్పలేదు. ఆమె నంబరు నొక్కాడు.

“ఫోన్ ఆపెయ్యండి సార్” అంది పక్కకు వచ్చిన అమ్మాయి. “విమానం లేస్తోంది. చెన్నైలో దిగాక మాట్లాడుకోండి.”